కోరిన చోటు

చీటీల డబ్బా ముందు అందరినీ కూర్చోబెట్టి పోయిన వారం మనం లేచి వచ్చేశాం. మళ్ళీ అక్కడికే పోదాం పదండి.

ఖరగ్‌పూర్ రైల్వేలో ఒక పాత రికార్డుల ఆఫీసు. గోడలకి చెమ్మ, ఫైళ్ళకి చెద, మనుషులకి నడుం నొప్పి. ఆ ఆఫీసును పనిచేసేవాళ్ళ సుఖం చూసి కొత్తగా తీర్చిదిద్దమని పైవాళ్ళు వినీతను పంపారు. వినీత కొత్త మనిషేం కాదు. ఇరవై నాలుగేళ్ళ కిందట అదే ఆఫీసులో అందరికీ నీళ్ళందించిన గౌరి కూతురు. గౌరి చోటు వరండా చివర, లెట్రిన్ తలుపు పక్కన, ఒక చెక్క స్టూలు. వానొస్తే జల్లు, చలికాలం గాలి, ఏ కాలమైనా కంపు. పైగా ఆవిడకి ఆయాసం. ఏడేళ్ళు ఆ స్టూలు మీదే గడిపి, ఒక జనవరి పొద్దున గ్లాసుల ట్రే చేతిలో ఉండగానే ఒరిగిపోయింది. ఏడు గ్లాసులు పగిలాయనీ, ఎనిమిదోది దొర్లుకుంటూ వెళ్ళి మెట్టు దగ్గర ఆగిందనీ చూసినవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

అంతకు ఆరు నెలల ముందు, పదేళ్ళ వినీత ఇస్కూలు నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, అమ్మకి గదిలోపల చోటిమ్మని తన చేత్తోనే అర్జీ రాసింది. గౌరి దాని కింద వేలిముద్ర వేసింది. ఆ కాగితం ఏమయిందో ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. అది ఎవరి చేతిలో ఆగిందో మాత్రం వినీతకి తెలుసు. అప్పుడు ఆ సెక్షన్ చూసిన జ్ఞానరత్నం చేతిలో. ఇప్పుడు ఆవిడే సూపరింటెండెంటు. ఉద్యోగం దిగిపోవడానికి ఎనిమిది నెలలుంది.

వినీత వచ్చిన రోజునే ఆవిడ ఎదురొచ్చి బుగ్గలు పుణికింది. "నిన్ను ఈ చేతుల్తో ఎత్తుకున్నాను తల్లీ" అంది. వినీత నవ్వింది. నవ్వి, అందరి చేతుల్లోనూ తలా ఒక చీటీ పెట్టింది. మీ ఒంటికి ఏం కావాలో, మనసుకి ఏం కావాలో దాచకుండా రాసి డబ్బాలో వెయ్యండి, రాసింది రాసినట్టు జరుగుతుంది అని చెప్పింది.

రాసింది రాసినట్టే జరిగింది. ఆ కథే ఇది.

జూలై పదమూడో తారీకు. తెల్లవారుజాము నుంచీ ఒకటే వాన. పది గంటలకి తలుపులు తీసేసరికి ఆఫీసు ఆఫీసులా లేదు. హరాధన్ మిస్త్రీ మనుషులు వారం రోజులు గుడ్డలు కట్టి పనిచేసిన చోటు తెల్లగా, వెలుతురుగా, కొత్త రంగు వాసనతో ఉంది. ఆమోసు నడుం నొప్పి అని రాశాడు. అతనికి వెన్నుకి ఆనే కుర్చీ వచ్చింది. కూర్చుని గిరగిరా రెండు చుట్లు తిరిగి, "మా పెళ్ళినాడు కూడా ఇంత సుకంగా కూకోనేదు" అన్నాడు. కళ్ళు మసకలన్న మలయ్‌బాబుకి కిటికీ పక్క బల్ల దొరికింది. ఆయన అద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "బహుత్ అచ్ఛా, బహుత్ అచ్ఛా" అంటూ ఖాళీ బల్లనే చదువుతున్నట్టు చూస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు నీళ్ళు, టీలు అందించే ఎలీసమ్మకి చదువు లేదు. ఆవిడ చీటీ ఆమోసే రాసిపెట్టాడు, మోకాళ్ళు అని ఒక్కటే ముక్క. ఆవిడకి గది లోపలే, ఫ్యాను కింద, నీళ్ళ మిషను పక్కన మెత్తటి కుర్చీ వేశారు. ఎలీసమ్మ దాన్ని చేత్తో తడిమింది గానీ కూర్చోలేదు.

"నాను కూకోవొచ్చా మేడమ్‌గోరూ?"

"అది నీదే పిన్నీ. కూకో."

ఎలీసమ్మ అంచు మీద కూర్చుంది. ఆవిడ కళ్ళు ఎందుకో వరండా వైపు పోయాయి.

జ్ఞానరత్నం పావుగంట ఆలస్యంగా వచ్చింది. ఎప్పుడూ అంతే. అందరూ వచ్చి సర్దుకున్నాక, తన రాక తెలియాలని. ఆవిడ మెడలో సన్నటి గొలుసు, గొలుసుకి సిలువ, సిలువ పక్కనే ఇనప బీరువా తాళంచెవి. పాతికేళ్ళుగా ఆ తాళంచెవి మరో మెడ ఎరగదు. గొడుగు దులిపి, చుట్టూ చూసి, తన బల్ల ఉండాల్సిన చోట బల్ల లేకపోవడం గమనించి, తనలో తాను చిన్నగా నవ్వుకుంది. కొత్త ప్లానులో అద్దాల గది ఒకటి గీశారని ఆవిడకి తెలుసు. ఎప్పుడో తెలుసు.

చీటీలో ఆ గది కావాలని ఆవిడ రాయలేదు. అలా రాసే మనిషి కాదు. ముప్పై ఐదేళ్ళ నౌకరీలో ఆవిడ ఏదీ నోరు తెరిచి అడగలేదు. అసలు సంగతికి దగ్గరగా నాలుగు మాటలు వినయంగా రాసి వదిలేస్తే, పైవాళ్ళు అర్థం చేసుకుని ఇచ్చేవారు. క్వార్టరు అలాగే వచ్చింది, ప్రమోషను అలాగే వచ్చింది. ఆ ఆఫీసులో పెరిగిన వాళ్ళంతా కాగితం మీద అలాగే అడుగుతారు. ఈసారి చదివేది ఎవరో మాత్రం ఆవిడ మరిచిపోయింది.

అద్దాల గది తలుపు తీసింది. లోపల రెండు పడక కుర్చీలు, ఒక ముక్కాలిపీట మీద మందుల పెట్టె. తలుపు మీద 'విశ్రాంతి గది, అందరికీ' అని రాసి ఉంది.

"మేడమ్, నా సీటేదీ?"

"రండి ఆంటీ, సూపిస్తాను."

వినీత ముందు నడిచింది. వెనక జ్ఞానరత్నం. ఆ వెనక, పిలవకపోయినా, ఆఫీసంతా. వరండా పొడవునా నడిచి చివర ఆగారు. లెట్రిన్ తలుపు పక్కన కొత్త బల్ల. కొత్త కుర్చీ. రెండు మొక్కల కుండీలు. గోడకి చిన్న ఫ్యాను. కుర్చీ ముందు కాళ్ళు పెట్టుకోవడానికి చెక్క స్టూలు ఒకటి, బాగా చిత్రికపట్టి, నిగనిగలాడేలా పాలిష్ చేసి. ఆ స్టూలు ఎవరిదో అక్కడున్న పాతవాళ్ళకి చెప్పక్కర్లేదు. దాని ఒక కాలు పొట్టి. ఇప్పటికీ పొట్టే.

"ఇదేటి?" అంది జ్ఞానరత్నం.

వినీత చీటీ తీసింది. తొందర లేకుండా, బడిలో పాఠం చదివినట్టు చదివింది.

"'నాకు గోల పడదు. నలుగురూ వచ్చి పలకరించని ప్రశాంతమైన చోటు, గాలి తగిలే చోటు అయితే బాగుంటుంది. కాళ్ళు వాస్తున్నాయి కనుక పెట్టుకోవడానికి పీట ఉంటే మంచిది.' ఇది మీ దస్తూరీయేనా ఆంటీ?"

"నాదే. కానీ..."

"గోల నేదు. గాలి ఉన్నాది. పీట ఉన్నాది. పలకరించీవోళ్ళు కూడా రారు. ఆర్డరు ఏసినాను, మీ దగ్గరికి ఫైళ్ళు కూడా ఎల్లవు. మీ ఒంటికి మంచిది."

అప్పుడు ఆమోసు ఉండబట్టలేక అనేశాడు. "అక్కా, మనందర్లోకీ నీకే అటాచ్‌డ్ బాత్రూం ఇచ్చినారు!"

నవ్వారు. మొదట ఒకరు, తర్వాత అందరూ. సెలవు చీటీ పెట్టి ఆవిడ చుట్టూ వారం రోజులు తిరిగిన వాళ్ళు, పిల్లకి జ్వరమని చెబితే "జ్వరానికి నువ్వేం మందువా" అనిపించుకున్న వాళ్ళు, కడుపునిండా నవ్వారు. మలయ్‌బాబు ఒక్కడే అద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు.

జ్ఞానరత్నం నవ్వులు ఆగేదాకా నిలబడింది. ఆగాక గొడుగు గోడకి ఆనించి, కుర్చీలో కూర్చుంది. స్టూలు మీద మాత్రం కాళ్ళు పెట్టలేదు.

"ఇంకొక్క మాట" అంది వినీత. "బీరువా కూడా కదలాల. తాళం ఇవ్వండి."

ఆవిడ చెయ్యి గొలుసు మీదికి పోయింది. "దాని జోలికి రాకు తల్లీ. నేను దిగిపోయినాక తీసుకో. ఎనిమిది నెల్లు."

"సరే. ఎనిమిది నెల్లూ మీరిక్కడే. తాళం ఇచ్చీరంటే రేపే లోపల సీటు. ఆలోసించుకోండి."

అందరూ లోపలికి వెళ్ళిపోయారు.

వాన పెరిగింది. జల్లు కొట్టి బల్ల తడిసింది. తడవడానికి బల్ల మీద కాగితాలంటూ ఏమీ లేవు, కొత్త కేలెండరు ఒక్కటే. లెట్రిన్‌కి వచ్చేవాళ్ళు వచ్చారు, పోయేవాళ్ళు పోయారు. ఒక్కొక్కరూ తలుపు వేసుకునే ముందు ఆవిడ వీపు కేసి చూసి మరీ వేసుకున్నారు. ఒకరిద్దరికి అవసరం లేకపోయినా అవసరం వచ్చింది. పదకొండున్నరకి లోపల గ్లాసుల చప్పుడయింది. టీ వేళ. ఆవిడ వరండా చివరి నుంచి పిలిచింది.

"ఎలీసమ్మా! ఒక్క గ్లాసు మంచినీళ్ళు."

లోపల మాటలు ఆగాయి. ఎలీసమ్మ లేవబోయింది. ఆమోసు చెయ్యి చాచి ఆపాడు. అందరి చూపూ వినీత మీద. వినీత తల ఎత్తకుండా ఏదో రాసుకుంటోంది. లెమ్మనలేదు, వద్దనలేదు.

ఎలీసమ్మ మళ్ళీ కూర్చుంది. కూర్చునే గొంతెత్తింది. "పలకరించొద్దని రాసినారు గదమ్మా. నానొస్తే మీకు గోల గదా!"

ఎలీసమ్మ చెడ్డ మనిషి కాదు. మెత్తటి కుర్చీ ఎక్కి పూట గడవలేదు, అంతే.

ఒంటిగంటకి జ్ఞానరత్నం లోపలికి వచ్చింది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి. ఆవిడ నడక మాత్రం ఎప్పటిలాగే ఉంది. వినీత బల్ల ముందు నిలబడి, మెడలోంచి గొలుసు తీసి, సిలువ వేరు చేసుకుని, తాళంచెవి బల్ల మీద పెట్టింది.

"రేపు లోపల సీటు అన్నావు."

"అన్నాను."

"మాట మాటేనా?"

"మీలాగ కాదు ఆంటీ. నాది మాటే."

హరాధన్ మిస్త్రీ బీరువా తలుపులు లాగాడు. పై అరల్లో సర్వీసు పుస్తకాలు, మధ్యలో రిజిస్టర్లు. అన్నిటికన్నా కింద, నేలనానుకున్న అరలో, ఎర్ర గుడ్డలో కట్టిన మూట. ఆమోసు దాన్ని చూసి పళ్ళ మధ్య నాలుక కొరుక్కున్నాడు. ఆ మూట సంగతి ఆఫీసులో అందరికీ వినికిడే గానీ ఎవరూ చూసింది లేదు. జ్ఞానరత్నం పైకి పంపకుండా అణిచిన కాగితాలు. చిత్రం ఏమిటంటే, అణిచేది గానీ చింపేది కాదు. వచ్చిన కాగితం వచ్చినట్టు గుండుసూది గుచ్చి, తేదీ వేసి దాచేది. రికార్డు క్లర్కుగా పట్టిన అలవాటు. కాగితం చింపడానికి ఆవిడకి చెయ్యి రాదు. మనిషిని చింపడానికి వచ్చేది.

వినీత నేల మీదే కూర్చుని మూట విప్పింది. చాలాసేపు వెతకలేదు. గీతల నోటుపుస్తకం కాగితం, పక్కన ఎర్ర మార్జిను, పై మూల చింపినప్పుడు పడిన వంకర. అది చూడగానే తెలిసింది. పదేళ్ళప్పటి తన అక్షరాలు, గుండ్రంగా, ఒక్కొక్కటీ విడివిడిగా, వచ్చీరాని ఇంగ్లీషు.

అందరికీ వినిపించేలా తెలుగు చేసి చదివింది.

"'అయ్యా, మా అమ్మ మీ నీళ్ళమనిషి. అమ్మకి ఊపిరి ఆడదు. మీ గదిలో మూల ఖాళీగా ఉంది, నేను చూశాను. అమ్మ అక్కడ కూర్చుంటే మీకు అడ్డం రాదు. అమ్మ సన్నగానే ఉంటుంది.'"

ఎలీసమ్మ మెత్తటి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"పెతీ శుక్కురారం మా అమ్మ మిమ్మల్ని అడిగీది" అంది వినీత. గొంతు పెంచలేదు. "నా కాయితం ఎంతదాకా ఎల్లింది రత్నమ్మగోరూ అని. మీరేటనీవోరు?"

జ్ఞానరత్నం చేతిలోని గొలుసును వేలికి చుట్టుకుంది.

"నాకు గుర్తుంది. పైకి ఎల్లింది గౌరీ, వొస్తాది అనీవోరు. ఎక్కడికి ఎల్లింది ఆంటీ? ఈ కింద అరలోకి ఎల్లింది. మా అమ్మ సచ్చిపోయిన్నాడు నా సేతిలో బిస్కట్ పొట్లం పెట్టినారు. అప్పుడు కూడా ఇది ఇందులోనే ఉన్నాది. నానది తిన్నాను. ఆకలేసి, మొత్తం తిన్నాను."

లేచి తన బల్ల దగ్గరికి వచ్చి, కాగితం పైకెత్తి అందరికీ చూపించింది. "ఇది ఇయ్యాలే పైకి ఎల్తాది. ఇప్పుడు నిజంగా ఎల్తాది. ఎనిమిది నెల్లేటి, ఎనిమిది రోజులు కూడా మిమ్మల్ని ఈ కుర్చీ మీద ఉండనీరు. దండలేసి, శాలువా కప్పి పంపుతారనుకున్నారా? పోలీసు కేసయినోళ్ళలాగ పక్క గుమ్మంలోంచి పంపిస్తారు. మీ చర్చీలో ముందు బెంచీ మీద ఎలా కూకుంటారో నాను వొచ్చి సూస్తాను."

ఇన్నేళ్ళూ వినీత ఈ మాటలు లోలోపల అప్పజెప్పుకుంటూనే ఉంది. తడుముకోకుండా వచ్చాయి.

జ్ఞానరత్నం తడిసిన కొంగు పిండుకుంది. నీళ్ళు కొత్త నేల మీద చుక్కలు చుక్కలుగా పడ్డాయి. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. కొంగు భుజం మీద సరిచేసుకుని, చాలా నెమ్మదిగా అంది.

"రెండో కాయితం సదువు."

"రెండోదేటి?"

"గుండుసూది ఊరికే గుచ్చను నేను. వెనక సూడు."

వెనక ఇంకొక కాగితం ఉంది. పాతబడి మొదటిదానికి అతుక్కుపోయింది. వినీత గోటితో విడదీసింది. తెలుగు. పెద్ద పెద్ద అక్షరాలు, కుడివైపుకి దిగజారిపోతున్న వరసలు. ఈ దస్తూరీ కూడా ఆమెకి తెలుసు. చిన్నప్పుడు తన ప్రోగ్రెస్ కార్డు మీద ప్రతి నెలా చూసేది.

ఈసారి పైకి చదవలేదు. పెదాలు మాత్రం కదిలాయి.

'నా భార్య గౌరి పేరున వచ్చిన అర్జీ మా పిల్ల ఆటకి రాసింది. నా భార్యకు వరండాలో బాగానే ఉంది. లోపల చోటు అక్కరలేదు. ఇట్లు, సత్యం, గేంగ్‌మేన్.'

కింద తేదీ. జూలై పధ్నాలుగు.

సత్యం అంటే వినీత తండ్రి. ఈ కథలో మొదటి వారం నుంచీ మీకు తెలిసినవాడే, ట్రాఫిక్ కాలనీలో ఇంటి అరుగు మీద కూర్చుని కూతురి కోసం గేటు కేసి చూసే ముసలాయన.

జ్ఞానరత్నం దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఆవిడ గొంతులో మేడమ్ లేదు, తల్లీ లేదు.

"మీ నాయన పట్టాల మీద సుత్తి కొట్టీవోడు. ఆ వేసవిలో రెండుసార్లు ఎండకి పడిపోనాడు. స్టోర్సులో నీడపట్టున ఒక్క ఖాళీ ఉంది, పేర్లు పంపీది నేను. ముప్పైమంది అడిగినారు. మీ నాయనొచ్చి కాళ్ళ మీద పడ్డాడు. నేనొక్కటే అడిగినాను. నీళ్ళమనిసి గదిలో కూకుంటే పెద్దోళ్ళు నన్నంటారు, ఆ కాయితం వెనక్కి తీసుకో, నీ పేరు పంపుతానన్నాను. ఒక్క పూట కూడా ఆలోసించలేదు. అక్కడికక్కడే నా పెన్నుతోనే రాసినాడు. అతని కళ్ళ ముందే సూది గుచ్చి ఆ కింద అరలో పెట్టినాను."

"మా అమ్మకి..."

"తెల్దు. నేను పైకి ఎల్లిందని సెప్పీదాన్ని. ఇంటికాడ అతను వొస్తాదిలే అని సెప్పీవోడు. ఇద్దరం ఒక్క మాట మీదే ఉన్నాం."

బల్ల మీదున్న తాళంచెవి వేలితో వినీత వైపు జరిపింది.

"నీడ ఇస్తాను, కాయితం ఇయ్యి అన్నాను. ఇందాకా నువ్వు నాతో ఏటన్నావు? సీటు ఇస్తాను, తాళం ఇయ్యి అన్నావు. బాగా నేర్సుకున్నావు. పంపు, పైకి పంపు. పంపితే రెండూ కలిపే పంపాల. రికార్డులో ఉన్న కాయితం విడదీయకూడదు, ఆపీసరువి, నీకు నేను సెప్పాలా?"

వినీత చూపు తేదీ మీదే ఉండిపోయింది.

జూలై పధ్నాలుగు. ఆ తారీకు వాళ్ళింట్లో పండగ. నాన్నకి పట్టాలు దిగి కప్పు కిందికి వచ్చే పని ఖాయమైన రోజు. ప్రతి ఏడూ ఆ రోజు మాంసం వండాల్సిందే. ఆ మొదటి రాత్రి గౌరే వండింది. ఆయాసంతో మధ్య మధ్యలో ఆగుతూ, మూకుడు దగ్గర నిలబడి. సత్యం మంచి ముక్క ఏరి భార్య కంచంలో వేశాడు. "తిను గౌరీ, ఇంక మనకి మంచి రోజులే" అన్నాడు. వినీత పక్కనే ఉంది. అమ్మ నవ్విన నవ్వు ఆమెకి ఇంకా గుర్తే. ఆవిడ పోయాక కూడా ఆయన ఆ వంట మానలేదు. ఇరవై నాలుగేళ్ళు వినీత ఆ కూర తిన్నది.

బల్ల మీద ఫోను మోగింది. 'నాన్న' అని పడింది. వినీత స్పీకరు నొక్కింది. బయటి వాన హోరులో కూడా ఆయన గొంతు అందరికీ వినిపించింది.

"అమ్మా, పనిలో ఉన్నావేటి? రేపు పధ్నాలుగు గదా. ఈ వానకి గోల్‌బజార్లో మంచి మాంసం ముందే అయిపోతాది. పొద్దున్నే ఎల్లి కిలో తెచ్చీమంటావా?"

వినీత రెండు కాగితాలూ మళ్ళీ ఒకదాని మీద ఒకటి పెట్టింది. గుండుసూది పాత కన్నంలోనే గుచ్చింది.

"రెండు కిలోలు తే నాన్నా."

"రెండెందుకమ్మా? ఎవులైనా వొస్తన్నారేటి?"

"ఇంటికాడ కాదు. వండి, కేరేజీ కట్టుకుని రేపు మజ్జానం మా ఆపీసుకి రా. వరండాలో అమ్మ కూకున్న చోట కుర్చీలేయించి ఉంచుతాను. అక్కడే తిందాం. నువ్వూ, నేనూ, రత్నమాంటీ."

జ్ఞానరత్నం పక్కనున్న కుర్చీ కోసం చేత్తో వెతుక్కుంది. ఆమోసు తన కొత్త కుర్చీలో తిరగడం మానేశాడు.

ఫోనులోంచి ఆ ముసలి గొంతు, బాగా కిందికి దిగిపోయి, ఒక్క మాట అడిగింది.

"ఆ కింద అర తెరిసినారా, అమ్మా?"